పంతులు లేని బడికి కంప్యూటరు

ప్రాథమిక పాఠశాలలలో కంప్యూటర్లను ప్రవేశపెట్టవలెనను ప్రయత్నము మన దేశమునందును, మనవంటి ఇతర దేశములయందును నానాటికి ప్రబలుచున్నది. 2025 సంవత్సరమున తెలంగాణ ప్రభుత్వమువారు కొన్ని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో మూడవ తరగతి మొదలు ఐదవ తరగతి వరకు గల బాలబాలికలకు భాషను, లెక్కలను కృత్రిమ మేధ సాయమున నేర్పు పద్ధతిని ప్రారంభించిరి. ఇట్టి వార్త వెలువడినప్పుడెల్ల ఒక పక్షమువారు యుగము మారినదని సంబరపడుదురు. వేరొక పక్షమువారు యంత్రము పిల్లలను చెరచునని విసుగుకొందురు. ఈ రెండు భావములును విచారణకు నిలువవు. గడచిన ఇరువదియేండ్లలో అనేక దేశములు ఈ ప్రయోగమును చేసి చూచినవి. వాని ఖర్చునకు లెక్క యున్నది. ఫలితమునకును లెక్క యున్నది. పొలముపై పెట్టుబడి పెట్టిన రైతు పంట యింటికి వచ్చిన పిదప జమాఖర్చులు చూచుకొనును గదా! ప్రజాధనముతో జరుగు ఈ సేద్యమునకు మాత్రము జమాఖర్చులు చూడకుండ నుండుట యెట్లు?

ఈ ఆలోచన మనకు క్రొత్తది కాదు. 1984లో కేంద్ర ప్రభుత్వమువారు పాఠశాలలలో కంప్యూటరు పరిచయమునకై 'క్లాస్' అను పథకమును నెలకొల్పి బి.బి.సి. మైక్రో అను ఇంగ్లీషు యంత్రములను పంచిరి. 2004 డిసెంబరులో ఇదే యుద్దేశముతో మరియొక పథకము వెలసెను. అయినను ఇవి యుభయము పెద్దతరగతుల పిల్లలకు సంబంధించినవి. ఓనమాలు దిద్దు చిన్నబిడ్డల చేతికే యంత్రము నీయవలెనను ఉద్యమము 2005లో అమెరికాలో పుట్టినది. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన నికొలస్ నెగ్రోపోంటి 'ప్రతి బిడ్డకు ఒక ల్యాప్‌టాప్' అను సంకల్పమును ప్రకటించి, ఆ సంవత్సరము నవంబరులో ట్యునిస్ నగరమున జరిగిన అంతర్జాతీయ సభలో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ సమక్షమున దాని నమూనాను చూపెను. యంత్రము వెల నూరు డాలర్లనియు, విద్యుత్తు లేనిచోట చేతితో పిడి త్రిప్పి నడుపుకొనవచ్చుననియు చెప్పిరి. 2007లో అది బజారునకు వచ్చునప్పటికి వెల 188 డాలర్ల ప్రాంతమునకు పెరిగినది. ఆ పిడియు దానిపై లేకపోయినది.

మన కేంద్ర విద్యాశాఖవారు 2006లోనే ఈ ప్రతిపాదనను నిరాకరించిరి. తరగతిగదులును ఉపాధ్యాయులును ఇంతకంటె ముందు కావలసియున్నవని అప్పటి విద్యాశాఖ కార్యదర్శి సుదీప్ బెనర్జీ వాదించెను. నాడు ఆయన మాటను అభివృద్ధి నిరోధకమని నిందించినవారు లేకపోలేదు. కాని నిందతో గాని స్తుతితో గాని పని లేకుండ ఈ విషయమును తేల్చునట్టి నిదర్శనము దక్షిణ అమెరికాలో లభించినది.

పెరూ దేశము ఆ సంస్థనుండి యంత్రములను అందరికంటె నెక్కువగా కొన్న దేశము. 2008 మొదలుకొని ఆ దేశపు ప్రభుత్వమువారు ఎనిమిదిన్నర లక్షలకు పైగా ల్యాప్‌టాప్‌లను పంచిరి. ఆండీస్ పర్వతముల నడుమ గల కుగ్రామములు మొదలు పేదబిడ్డల బడులకు అవి చేరినవి. సంకల్పము మంచిది. యంత్రముతోపాటు బిడ్డల యీడుకు తగిన ఇన్నూరు పుస్తకములు దానిలోనే నింపి యిచ్చిరి. ఆ గ్రామములలో ఐదు పుస్తకములకు మించి యున్న ఇండ్లు నూటికి ఇరువదియారు మాత్రమే కాన, ఇది చిన్న కానుక కాదు. ఉపాధ్యాయులకు నలువది గంటల శిక్షణ నిచ్చిరి. పిదప ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు వారు 319 గ్రామీణ పాఠశాలలను తీసికొని, యంత్రములు ముందుగా అందిన బడులను, అందని బడులను పోల్చి చూచిరి. పదునైదు నెలల యనంతరము తేలిన ఫలిత మేమి? చదువుటయందును లెక్కలయందును రెండు తెగల పిల్లలకును తేడా కనబడలేదు. బడికి వచ్చువారి సంఖ్య పెరుగలేదు. చదువుకొను అలవాటును హెచ్చలేదు. బొమ్మల చిక్కు విప్పునట్టి బుద్ధిపరీక్షలలో మాత్రము కొంత మెరుగు గాన్పించినది. యంత్రమును వాడుట పిల్లలకు వచ్చినది. దానిచే నేర్వవలసినది రాలేదు. ఏండ్లు గడచిన పిదప జరిపిన విచారణలోను, ఆ బాలురు చదువులో ముందంజ వేసినట్లు గాన్పించలేదు.

ఇట్లేల జరిగినది? పిల్లలు మందమతులు కారు. యంత్రము చెడ్డదియు కాదు. ఆ బడులలో అంతర్జాలము దాదాపు లేదు. ఆ యంత్రమును ఏ పాఠమున, ఏ దినమున, ఎంతసేపు వాడవలెనో పంతులుకు చెప్పువారు లేరు. ముందు జరుగుచుండిన పాఠమే తరువాతను జరిగినది. బల్లపై పలకకు బదులు పచ్చని పెట్టె యొకటి కూర్చున్నది. ఇల్లలుకగానే పండుగ కాదను సామెత అక్షరాల సార్థకమైనది.

ఇంతమాత్రమున యంత్రము నిరర్థకమని తీర్మానింపరాదు. మన దేశముననే గుజరాతు రాష్ట్రమున వడోదరా నగరమున మరియొక అనుభవము కలిగినది. అక్కడ ప్రభుత్వమువారు పురపాలక ప్రాథమిక పాఠశాలలకు నాలుగేసి కంప్యూటర్ల నిచ్చియుండిరి. అవి చాలవరకు వాడుక లేక పడియుండినవి. 2002 మొదలు 'ప్రథమ్' అను సంస్థవారు వానిని తెరపించి, నాలుగవ తరగతి పిల్లలను ఇద్దరిద్దరిని ఒక్కొక్క యంత్రమునొద్ద కూర్చుండబెట్టి, వారమునకు రెండు గంటలు లెక్కల ఆటలు ఆడించిరి. ఆ రెండింటిలో ఒక గంట బడివేళలోను, ఒక గంట బడికి ముందో వెనుకో జరిగెను. ఎవనికి వచ్చినంతవరకు వాడు ముందుకు పోవునట్లు ఆ ఆటలు కూర్పబడినవి. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో మొదలగు ఆర్థికశాస్త్రజ్ఞులు దీనిని పరీక్షించి, లెక్కలలో పిల్లలు స్పష్టముగ మెరుగుపడిరని 2007లో ప్రకటించిరి. అయితే ఆ గంటలు ఆగిపోయిన యేడాదికి ఆ లాభములో అధికభాగము కరగిపోయినదనియు వారే వ్రాసిరి. నీరు పెట్టినంతకాలము పైరు పచ్చగ నుండును. పెట్టుట మానిన వాడును. ఇది వింత కాదు. కాని ఒకమారు యంత్రము నిచ్చి చేతులు దులుపుకొనువారు తలచుకొనవలసిన సంగతి.

అదే గుజరాతున లీ లిండెన్ అను ఆర్థికశాస్త్రజ్ఞుడు జరిపిన పరిశీలన ఇంతకంటెను బోధకరమైనది. ఒకే యంత్రము, ఒకే పాఠక్రమము, ఒకే తెగ పిల్లలు. కొన్ని బడులలో దానిని బడివేళలోనే, పంతులు పాఠమునకు బదులుగ నడిపించిరి. మరికొన్నిటిలో బడి విడిచిన పిదప అదనముగ నడిపించిరి. అదనముగ పొందిన పిల్లలు, అందునను చదువులో వెనుకబడినవారు, లాభము పొందిరి. పంతులు పాఠమునకు బదులుగ పొందినవారు, యంత్రము లేని బడుల పిల్లలకంటెను వెనుకబడిరి. మంచి పంతులు చెప్పు పాఠమును త్రోసి యంత్రము కూర్చున్నచోట నష్టము. పంతులు పాఠమునకు తోడుగ కూర్చున్నచోట లాభము. ఈ వ్యాసమున మేము చెప్పదలచిన దంతయు ఈ యొక్క వాక్యమున నిమిడియున్నది.

2015లో ఢిల్లీ నగరమున కార్తీక్ మురళీధరన్ ప్రభృతులు జరిపిన పరిశోధనయు దీనినే బలపరచినది. అక్కడ చూచినవారు పెద్దతరగతుల పిల్లలే యైనను, వారి జబ్బు ప్రాథమిక పాఠశాలలో పుట్టినదే. ఆరవ తరగతి చదువుచున్న సామాన్య బాలుడు లెక్కలలో రెండున్నర తరగతులు వెనుకబడియుండెను. పాఠ్యపుస్తకము ఆరవ తరగతిది; బాలుని తెలివి నాలుగవ తరగతికి ఇటువైపే ఆగినది. పంతులు పుస్తకమును పూర్తిచేయుచు పోవును. బాలుడు నోరు మూసికొని కూర్చుండును. బడి విడిచిన పిదప నడచిన ఆ కేంద్రములలో వారమునకు ఆరు దినములు, దినమునకు తొంబది నిమిషములు చదువు చెప్పిరి. అందు సగము కాలము యంత్రమునొద్ద. తక్కిన సగము పదిపదునైదు మంది పిల్లల గుంపునకు ఒక సహాయకుని యొద్ద. బాలుడు ఏ మెట్టుపై నున్నాడో యంత్రము కనిపెట్టి ఆ మెట్టునుండియే ఎక్కించెను. నాలుగున్నర నెలలలో లెక్కలయందును హిందీయందును గణనీయమైన లాభము కలిగినది. ఒక్క పంతులు నలువదిమందిని నలువది మెట్లనుండి ఏకకాలమున ఎక్కింపలేడు. ఆ పని యంత్రము చేయగలదు. కాని అక్కడను మనిషి తోడుగ నున్నాడని మరువరాదు.

ఆఫ్రికాలోని కెన్యా దేశము మరియొక పాఠము నేర్పినది. 2013 ఎన్నికలలో గెలిచిన పక్షమువారు ఒకటవ తరగతిలో చేరు ప్రతి బిడ్డకు ల్యాప్‌టాప్ నిత్తుమని వాగ్దానము చేసిరి. టెండర్ల తగవులలో అది కొన్నియేండ్లు నలిగి, 2016లో టాబ్లెట్ల రూపమున మొదలైనది. ఇంతలో అక్కడి కిసుము ప్రాంతమున ఒక పరీక్ష జరిగెను. కొన్ని బడులలో చదువు యంత్రములను పిల్లల కిచ్చిరి. కొన్నిటిలో టాబ్లెట్లను పంతుళ్లకు ఇచ్చిరి. కొన్ని ప్రాంతములలో బడులను చూచిపోవు పర్యవేక్షకులకు మాత్రమే ఇచ్చిరి. అన్నిచోట్లను మంచి పుస్తకములు, పంతుళ్లకు శిక్షణ కూడ కలవు. పిల్లలు అన్నిచోట్లను మెరుగుపడిరి. కాని ఆ మెరుగు పుస్తకములవలనను శిక్షణవలనను కలిగినదే. పిల్లలచేతి యంత్రము దానికి చెప్పుకోదగినంత చేర్చలేదు. వ్యయమును, ఫలమును త్రాసులో వేసి చూడగా యంత్రములలో పర్యవేక్షకునిచేతి టాబ్లెటే చవుకగ తేలినది. 2015 మొదలు దేశమంతట సాగిన 'టుసొమె' పథకము ఈ మార్గముననే నడచినది. స్వాహిలీ భాషలో ఆ మాటకు 'చదువుదము' అని యర్థము. బిడ్డ చేతిలో తన సొంత పుస్తకము. పంతులు చేతిలో దినదినపు పాఠక్రమము. పర్యవేక్షకుని చేతిలో టాబ్లెటు. ఆయన తరగతిలో కూర్చుండి పాఠము విని, పిల్లలచే చదివించి, ఆ ఫలితమును అక్కడనే గుర్తించి పంతులుకు సలహా చెప్పును.

ఉరుగ్వే అను చిన్నదేశము మాట కూడ చెప్పవలసియున్నది. 2007లో కార్డాల్ అను గ్రామమున మొదలిడి 2009 నాటికి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలోని పిల్లలందరికిని ఆ దేశమువారు యంత్రముల నిచ్చిరి. బడులకు అంతర్జాలమును కల్పించిరి. అయినను చదువునందును లెక్కలయందును వాని ప్రభావము గాన్పించలేదని 2014లో ఒక పరిశీలన తేల్చినది. అంతటితో వారు కాలు చాపి కూర్చుండలేదు. ఇంగ్లీషు వచ్చిన ఉపాధ్యాయులు చాలినంతమంది లేని బడులకు, దూరదేశముననున్న ఉపాధ్యాయుని తెరపై రప్పించి పాఠము చెప్పించు ఏర్పాటు చేసిరి. తరగతి పంతులు పిల్లల ప్రక్కననే యుండి ఆ పాఠమును సాగించును. ఇక్కడ యంత్రము పంతులును తొలగించలేదు. లేని పంతులును తెచ్చినది.

ఇక మన సంగతి విచారింతము. కేంద్ర విద్యాశాఖవారి 2024-25 లెక్కల ప్రకారము దేశమున నూటికి 64.7 బడులలో కంప్యూటర్లును, 63.5 బడులలో అంతర్జాలమును గలవు. ఇది సంతోషింపదగిన అభివృద్ధియే. కాని అదే లెక్కలలో మరియొక అంకె యున్నది. ఒకే ఒక పంతులు గల బడులు దేశమున లక్షకు పైబడి యున్నవి. రాష్ట్రములన్నిటిలో అట్టి బడులు అధికముగ గలది మన ఆంధ్రప్రదేశము. వాని సంఖ్య 12,912. ఒక్క పంతులు ఒకే గదిలో నాలుగైదు తరగతులను కూర్చుండబెట్టుకొని, మధ్యాహ్న భోజనము లెక్కలు వ్రాసి, కాగితములు నింపి, మిగిలిన వేళలో పాఠము చెప్పవలెను. ఆయనకు జ్వరము వచ్చిననాడు ఆ బడి మూతపడవలసినదే. మరి చదువు సంగతి యేమి? 2024 సంవత్సరపు 'అసర్' నివేదిక ప్రకారము దేశములోని గ్రామీణ ప్రభుత్వ పాఠశాలలలో మూడవ తరగతి పిల్లలలో రెండవ తరగతి వాచకమును చదువగలవారు నూటికి 23.4 మాత్రమే. 2022లో ఆ సంఖ్య 16.3. మెరుగు గలదు, కాని నలుగురిలో ముగ్గురు ఇంకను చదువలేకున్నారు.

పంతుళ్లు లేరు గనుకనే యంత్రము కావలెనని కొందరు చెప్పుదురు. చూచుటకు ఈ వాదము ముచ్చటగ నుండును. కాని పైన చెప్పిన నిదర్శనము లన్నిటిలోను యంత్రము ఫలించినచోట మనిషి యున్నాడు. మనిషి లేనిచోట యంత్రము ఫలించిన నిదర్శనము వానిలో ఒక్కటియు లేదు. బావి త్రవ్వకుండ మోటారు కొన్న రైతును ఊరివారు ఏమందురు? బావి ఖర్చు మిగిలినదని మెచ్చుకొందురా?

పట్టణములలోని కలిగినవారి బిడ్డలు యంత్రములతో ఆడుకొనుచుండగా పల్లె బిడ్డలకు వానిని నిరాకరించుట అన్యాయము కాదా యని మరికొందరు అడుగుదురు. ఈ ప్రశ్న న్యాయమైనది; దానికి సమాధానము చెప్పియే తీరవలెను. పట్టణపు బిడ్డకు యంత్రముతోపాటు తరగతికొక పంతులు, ఇంట చదువు వచ్చిన తల్లి, సాయంకాలము ట్యూషను మాస్టరు కలరు. ఆ బిడ్డకు యంత్రము నాలుగవ సాయము. పల్లె బిడ్డకు మొదటి మూడును లేకుండ నాలుగవది మాత్రము ఇచ్చి, ఇద్దరికిని సమానముగ నిచ్చితిమని చెప్పుట సమత్వము కాదు. సమత్వమను పేరుతో ఖర్చు తప్పించుకొనుట. యంత్రము వలదని మేము చెప్పుట లేదు. మొదటి మూడింటికి కావలసిన ధనమును యంత్రముపై పెట్టి, ఆ మూడింటిని మరువవలదని చెప్పుచున్నాము.

మన రాష్ట్రముననే జరిగిన మరియొక యుదంతమును ఇచట స్మరింపవలెను. 2022 డిసెంబరు 21వ తేదీన నాటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఎనిమిదవ తరగతి విద్యార్థులకు టాబ్లెట్లు పంచు కార్యక్రమమును ప్రారంభించిరి. విద్యార్థులు, ఉపాధ్యాయులు కలిసి ఐదు లక్షలమందికి పైగా ఉద్దేశింపబడిన పథకమది. వానిలోని పాఠములు బైజూస్ అను కంపెనీవారివి, ఉచితముగ నిచ్చినవి. 2024 జులైలో ఆ కంపెనీ దివాలా విచారణలో చిక్కుకొన్నది. ఏ ప్రభుత్వమునైన నిందించుటకై దీనిని చెప్పుట లేదు. బిడ్డల పాఠము ఒక వ్యాపారసంస్థ జమాఖర్చుల మంచిచెడ్డలపై ఆధారపడి యుండరాదు. ప్రజలు చదువు పాఠములు ప్రజల సొత్తై యుండవలెను. కంపెనీ పోయినను, ప్రభుత్వము మారినను అవి బడిలో నిలువవలెను.

భాష మాట కూడ ఇందుకు తోడైనది. ఒకటవ తరగతి బిడ్డకు యంత్రము పలుకు తెలుగు తన యింటి తెలుగై యుండవలెను. శ్రీకాకుళపు బిడ్డ, అనంతపురపు బిడ్డ, ఆదిలాబాదు బిడ్డ ఒకే వాక్యమును మూడు విధముల పలుకుదురు. బిడ్డ చదువగా విని తప్పొప్పులు చెప్పు యంత్రము పట్టణపు పలుకుబడిని మాత్రమే యెరిగియుండిన, పల్లె బిడ్డ సరిగ చదివినను తప్పని చెప్పును. అది ఆ బిడ్డ నోటికి తాళము వేయుటయే. ఏజెన్సీలోని సవర, కోయ, గోండు బిడ్డల మాట చెప్పనేల? వారికి తెలుగే రెండవ భాష. వేరొక భాషలో తయారైన పాఠములకు తెలుగు ముసుగు తొడిగినంతమాత్రమున ఈ చిక్కు తీరదు.

కావున ప్రభుత్వములు చేయవలసినది స్పష్టము. మొదట ఏకోపాధ్యాయ పాఠశాలలకు రెండవ పంతులును, ప్రతి బిడ్డకు ఇంటికి తీసికొనిపోదగిన తెలుగు వాచకములను ఇయ్యవలెను. పిదప యంత్రము. అదియు మొదట పంతులు చేతికిని పర్యవేక్షకుని చేతికిని రావలెను. పిల్లలకు ఇచ్చునప్పుడు పంతులు పాఠమునకు బదులుగ గాక అదనపు గంటగ ఇయ్యవలెను. ఆ గంటను చూచుకొనుటకు ఊరిలోని చదువుకొన్న యువతీయువకులకు జీతమిచ్చి నియమింపవలెను. యంత్రము కొనుటకు మంజూరు చేసిన సొమ్ముతోపాటు మరమ్మతునకు, అంతర్జాలమునకు, శిక్షణకు ఏటేట సొమ్ము కేటాయింపవలెను. రాష్ట్రమంతట పంచకముందు కొన్ని బడులలో పెట్టి, పెట్టని బడులతో పోల్చి, ఫలితమును, అది అనుకూలమైనను ప్రతికూలమైనను, ప్రజలకు తెలుపవలెను. తెలంగాణలో మొదలైన ప్రయత్నమును ఈ గీటురాతిపైననే పరీక్షింపవలెను.

పాఠకులు చేయవలసినదియు కలదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రభుత్వ పాఠశాలలకు తల్లిదండ్రుల ప్రాతినిధ్యము గల యాజమాన్య సంఘములు ఉండవలెను. అవి చాలచోట్ల కాగితముపైననే యున్నవి. తమ పిల్లలను పట్టణపు బడులకు పంపుచు, ఊరిబడిని కూలివారి బిడ్డలకు వదలివేసిన భూస్వాములు, వర్తకులు, ఉద్యోగులు ఒక్కమారు ఆ బడిలో అడుగు పెట్టవలెను. పంతుళ్లు ఎందరు? యంత్రము తాళము ఎవరియొద్ద నున్నది? అది చెడిన ఎన్నాళ్లకు బాగుపడును? ఏ గంటలో పిల్లలు దానినొద్ద కూర్చుందురు? ఈ నాలుగు ప్రశ్నలు అడిగి, ఐదవదిగ మూడవ తరగతి బిడ్డ నొకనిని పిలిచి రెండవ తరగతి వాచకము చేతికిచ్చి చదువుమనవలెను. ఆ బిడ్డ తడబడక చదివెనా, ఆ బడికి యంత్రము అలంకారము కాదు, ఉపకారమే. తడబడెనా, ఆ యూరివారు జిల్లా విద్యాధికారికి వ్రాయవలసిన మొదటి యర్జీ కంప్యూటరునకై కాదు, పంతులుకై.